ముక్కుకో వాసన

పంచేంద్రియాలలో ముక్కుకు పని ఎక్కువ, పరువు తక్కువ. చూపు మందగిస్తే అయ్యో అని జాలిపడతారు. వినికిడి తగ్గితే దగ్గరకు వచ్చి గట్టిగా చెబుతారు. వాసన తెలియడం లేదని ఎవరైనా అంటే మాత్రం "జలుబు చేసి ఉంటుంది, రెండు రోజుల్లో అదే పోతుందిలే" అని తేలికగా తీసిపారేస్తారు. తెలుగులో ముక్కును పట్టుకుని పుట్టిన జాతీయాలకు కొదవ లేదు. ముక్కుసూటిగా మాట్లాడేవాడు ఉన్నాడు. ముక్కుమీద కోపం గలవాడు ఉన్నాడు. బాకీని ముక్కు పిండి వసూలు చేసేవాడు, ఆశ్చర్యంతో ముక్కున వేలేసుకునేవాడు, ముక్కూ మొహం తెలియనివాడు కూడా ఉన్నారు. ఇంతమందిలో ముక్కుతో వాసన చూసేవాడు ఒక్కడూ లేడు!

అయినా ముక్కు తన పని మానుకోలేదు. పొయ్యిమీది పాలు అడుగంటిన సంగతి కంటికంటే ముందు ముక్కుకే తెలుస్తుంది. పక్కింట్లో ఇంగువ పోపు పెట్టారని చెప్పేది ముక్కే. తొలకరి చినుకులకు నేల తడిసిందని కిటికీ తెరవకుండానే చెప్పగలదు. నిజానికి భోజనంలో రుచి అని అనుకునే దానిలో చాలా భాగం వాసనే. నాలుకకు తెలిసేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు వంటి కొద్దిపాటి రుచులు మాత్రమే. చారులో జీలకర్ర పడిందో, మిరియాలు పడ్డాయో, కరివేపాకు పడిందో విడదీసి చెప్పే నేర్పు ముక్కుది. నమిలే అన్నంలోని వాసన గొంతు వెనుకనుంచి పైకి పాకి ముక్కును చేరుతుంది. అందుకే పడిశం పట్టిననాడు పంచభక్ష్య పరమాన్నాలు పెట్టినా గడ్డి తిన్నట్లే ఉంటుంది.

ముక్కు చేసే మేలు ఎంతటిదో 2020లో ప్రపంచమంతటికీ ఒక్కసారిగా తెలిసివచ్చింది. ఆ ఏడు వ్యాపించిన కరోనా వ్యాధి ఎందరికో వాసన తెలియకుండా చేసింది. ముక్కు దిబ్బడ లేదు, తుమ్ములు లేవు. అయినా కాఫీకి వాసన లేదు, మల్లెపూవుకు వాసన లేదు. చాలామందికి కొన్ని వారాలలో ఆ శక్తి తిరిగి వచ్చింది. కొందరికి నెలలు పట్టింది. మరికొందరికి వాసనలు వచ్చాయి కాని తారుమారై వచ్చాయి. ఇష్టంగా తాగే కాఫీయే కుళ్ళు వాసన కొట్టింది. వంట మారలేదు, వండిన చేయి మారలేదు, మారింది ముక్కు మాత్రమే. మనిషికి తెలిసే వాసన వస్తువులో మాత్రమే లేదు, దాన్ని పసిగట్టే ముక్కులో కూడా ఉందని ఆ వ్యాధి నేర్పింది.

జబ్బు చేయకపోయినా అందరి ముక్కులూ ఒక్కటి కావు. ఈ విషయానికి మంచి సాక్ష్యం ప్రతి ఇంటి వంటగదిలోనూ ఉంది. అది కొత్తిమీర.

కర్ణాటకలో దాన్ని కొత్తంబరి సొప్పు అంటారు. తమిళనాట అది కొత్తమల్లి. మహారాష్ట్రలో కోథింబీర్, ఒడిశాలో ధనియా పత్రం. పేరు ఏదైనా ఆకు ఒక్కటే. సాంబారు దించబోయే ముందు గుప్పెడు ఆకు తరిగి పైన చల్లితే ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది. అటువంటి ఇంట్లోనే ఒక్కొక్కప్పుడు ఒక పిల్లవాడు కంచం ముందు కూర్చుని, ఆ ఆకులను ఒక్కొక్కటే ఏరి కంచం అంచున పెడుతూ ఉంటాడు. "ఎందుకురా ఏరేస్తున్నావు?" అని తల్లి అడిగితే "సబ్బు వాసన వస్తోందమ్మా" అంటాడు. "సబ్బు వాసనేమిటి, నీ మొహం! అందరూ తినడం లేదూ?" అని కసురుతుంది తల్లి. వేళాకోళం చేయడానికి అన్నలూ అక్కలూ ఉండనే ఉన్నారు. పిల్లవాడికి తిండి దగ్గర పేచీకోరు అనే పేరు స్థిరపడిపోతుంది.

ఆ పిల్లవాడు అబద్ధం చెబుతున్నాడా? పేచీ పెడుతున్నాడా? ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే ముక్కు లోపలికి, అక్కడి కణాలలోకి, ఆ కణాలలోని జన్యువులలోకి వెళ్ళాలి.

ముక్కు రంధ్రాలకు బాగా పైన, రెండు కళ్ళ మధ్య భాగానికి వెనుకగా, తపాలాబిళ్ళంత చోటులో ఒక పలుచని పొర ఉంది. అందులో లక్షలకొద్దీ నాడీకణాలు ఉన్నాయి. ప్రతి కణం కొసనా సన్నని నూలుపోగుల వంటి కేశాలు జిగురులో మునిగి ఉంటాయి. పూవు నుంచో, పండు నుంచో, పోపు నుంచో విడివడిన అణువులు గాలిలో తేలివచ్చి ఆ జిగురులో కరుగుతాయి. ఆ అణువులను పట్టుకోవడానికి కేశాల మీద కొన్ని మాంసకృత్తులు కాచుకుని ఉంటాయి. వీటినే వాసన గ్రాహకాలు అంటారు. తాళంలో తాళంచెవి కుదిరినట్లు, తగిన అణువు తగిన గ్రాహకంలో కుదురుకుంటుంది. అప్పుడు ఆ కణంలో చిన్న విద్యుత్తు పుట్టి మెదడుకు కబురు వెళుతుంది.

ఇటువంటి గ్రాహకాలు ఉండి తీరాలని శాస్త్రజ్ఞులు చాలాకాలం ఊహిస్తూనే ఉన్నారు. వాటి జన్యువులను పట్టుకున్నవారు మాత్రం అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్. వారు ఎలుకల ముక్కులను పరిశీలించారు. బక్ ముందుగా కొన్ని ఊహలు చేసుకున్నారు. వాసనలు అనేకం కనుక గ్రాహకాలు కూడా అనేకం ఉండాలి. అవన్నీ ఒకే కుటుంబంవలె ఒకదానినొకటి పోలి ఉండాలి. అవి ముక్కులోని ఆ పొరలో మాత్రమే తయారవుతూ ఉండాలి. ఈ గుర్తులన్నీ కలిసిన జన్యువుల కోసం వెతకగా, పెద్ద కుటుంబమే బయటపడింది. 1991లో ఆ ఫలితాలు ప్రచురించారు. 2004లో ఇద్దరికీ కలిపి వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

ఆ కుటుంబం ఎంత పెద్దదో తెలిస్తే నిజంగానే ముక్కున వేలేసుకోవలసి వస్తుంది. ఎలుక జాతిలో సుమారు వెయ్యి జన్యువులు ఈ పనికే ఉన్నాయి. మనిషిలో పనిచేసేవి సుమారు 400. ఇవి గాక, ఒకప్పుడు పనిచేసి కాలక్రమాన చెడిపోయిన జన్యువులు కూడా కొన్ని వందలు మనిషిలో మిగిలి ఉన్నాయి. ఆఫ్రికా ఏనుగులో పనిచేసేవి దాదాపు 2,000 అని 2014లో లెక్కగట్టారు. అంత పొడవు తొండం ఊరికే రాలేదు!

ఒక్కొక్క నాడీకణం ఈ 400 రకాలలో ఒక్క రకం గ్రాహకాన్నే తయారుచేస్తుంది. అయితే మనిషికి 400 వాసనలే తెలుస్తాయా అంటే, కాదు. ఒక వాసన అనేక గ్రాహకాలను తట్టగలదు, ఒక గ్రాహకం అనేక వాసనలకు పలకగలదు. ఏ ఏ గ్రాహకాలు కలిసి పలికాయన్నదాన్ని బట్టి మెదడు వాసనను గుర్తుపడుతుంది. తెలుగు వర్ణమాలలో అక్షరాలు 56. వాటితో లక్షల మాటలు పుట్టాయి కదా! వాసనల సంగతీ అంతే. 400 గ్రాహకాలు అక్షరాలైతే, లోకంలోని వాసనలన్నీ వాటితో కూర్చిన మాటలు.

ఈ గ్రాహకాలలో ఒకదాని పేరు ఓఆర్6ఏ2. పేరు వింటే వాహనం నంబరులా ఉంది కాని, దాని వెనుక ఒక పద్ధతి ఉంది. తెలుగువారి పేర్లలో ఇంటిపేరు ముందు, సొంతపేరు తరువాత వచ్చినట్లే ఇక్కడా వస్తుంది. 'ఓఆర్' అంటే వాసన గ్రాహకాల కులమంతటికీ గుర్తు. '6' ఆ కులంలో ఒక వంశం. 'ఏ' ఆ వంశంలో ఒక శాఖ. చివరి '2' సొంతపేరు. దీన్ని తయారుచేసే జన్యువు పదకొండో క్రోమోజోములో ఉంది. మనిషిలోని 23 జతల క్రోమోజోములలో వాసన జన్యువులు అన్నిటికన్నా ఎక్కువగా గుమిగూడిన చోటు ఆ పదకొండోదే.

గ్రాహకం నిర్మాణం చూడముచ్చటగా ఉంటుంది. మూడువందలకు పైగా అమైనో ఆమ్లాలు దండలోని పూసలవలె వరుసగా కూడితే ఒక గొలుసు అవుతుంది. ఆ గొలుసు కణాన్ని చుట్టిన పొరలో నుంచి బయటికీ లోపలికీ ఏడుసార్లు దూరి వెళుతుంది. చేతికుట్టు వేసే సూది గుడ్డకు ఈవలినుంచి ఆవలికి, ఆవలినుంచి ఈవలికి వెళ్ళినట్లన్నమాట. ఈ ఏడు కుట్ల నడుమ చిన్న గుంట ఏర్పడుతుంది. వాసన అణువు వచ్చి ఒదిగేది ఆ గుంటలోనే. మనిషి వాసన గ్రాహకాలలో ఒకదాని రూపాన్ని, దానిలో అణువు ఒదిగిన తీరుతో సహా, మొట్టమొదటిసారిగా 2023లో శాస్త్రజ్ఞులు వివరంగా చూడగలిగారు. అది ఓఆర్6ఏ2 కాదు, దాని బంధువు ఓఆర్51ఈ2.

ఓఆర్6ఏ2 దేనికి పలుకుతుంది? దీనికి ఎలుకలో ఒక తోబుట్టువు ఉంది. 1998లో కొలంబియా విశ్వవిద్యాలయంలోనే మరొక బృందం ఆ గ్రాహకాన్ని ఎలుక ముక్కులో విస్తారంగా తయారయ్యేటట్లు చేసి, రకరకాల వాసనలు పట్టి చూసింది. అది ఆక్టనాల్ అనే పదార్థానికి బాగా పలికింది. ఆక్టనాల్ నారింజ తొక్కలో ఉండే ఒక ఆల్డిహైడు. మనిషిలోని ఓఆర్6ఏ2 కూడా ఆల్డిహైడులకు పలికే గ్రాహకమే.

కథ ఇక్కడ మళ్ళీ కొత్తిమీర దగ్గరకు వస్తుంది. పచ్చి కొత్తిమీర వాసనకు ముఖ్య కారణం ఆల్డిహైడులు. అటువంటి ఆల్డిహైడులే సబ్బులలోనూ ఉంటాయి. నల్లిని నలిపితే వచ్చే వాసనలోనూ ఆ జాతి పదార్థాలే ఉన్నాయి. ఎండిన ధనియాలలో ప్రధానమైన పదార్థం వేరు. దాని పేరు లినలూల్. అందుకే కొత్తిమీర ఆకు గిట్టనివారిలో కొందరు ధనియాల పొడి వేసిన కూరను మారు మాట్లాడకుండా తింటారు. తల్లి దృష్టిలో ఇది మరింత పెద్ద పేచీ. రసాయన శాస్త్రం దృష్టిలో మాత్రం అవి రెండు వేరు వేరు వాసనలు.

2012లో అమెరికాలో ట్వెంటీత్రీ అండ్ మీ అనే జన్యు పరీక్షల సంస్థ శాస్త్రజ్ఞులు ఈ విషయాన్ని పరిశీలించారు. యూరప్ మూలాలు గల వేలమందిని కొత్తిమీర సబ్బులా ఉంటుందా అని ఒక ప్రశ్న, ఇష్టమా కాదా అని ఒక ప్రశ్న అడిగారు. వారి జవాబులను వారి జన్యువులతో పోల్చి చూశారు. సబ్బులా ఉంటుంది అన్నవారిలో, పదకొండో క్రోమోజోము మీద ఒక చోట ఒకే ఒక్క అక్షరం తేడా ఎక్కువగా కనిపించింది. ఆ చోటు ఎనిమిది వాసన జన్యువుల గుంపులో ఉంది. ఆ ఎనిమిదింటిలో ఆల్డిహైడులకు బాగా పలికేది ఓఆర్6ఏ2 కనుక, కారణం అదే అయి ఉండవచ్చునని వారు భావించారు.

ఒక్క అక్షరంతో ఇంత తేడా వస్తుందా అని ఆశ్చర్యపడనక్కరలేదు. జన్యువుల భాషలో అక్షరాలు నాలుగే. అక్షరం మారితే అర్థం మారవచ్చు. 'కల' నిద్రలో వస్తుంది, 'కళ' సాధనతో వస్తుంది. రెంటికీ ఒక్క అక్షరమే తేడా. ఇలాంటి తేడాకు ఇంకా గట్టి రుజువు 2007లో ఓఆర్7డీ4 అనే మరో గ్రాహకం విషయంలో దొరికింది. మగ పంది లాలాజలంలోనూ, మనిషి చెమటలోనూ ఉండే ఆండ్రోస్టెనోన్ అనే పదార్థం కొందరికి చెమట కంపు కొడుతుంది. కొందరికి తియ్యగా ఉంటుంది. కొందరికి అసలు వాసనే తెలియదు. ఈ తేడాలో కొంత భాగానికి కారణం ఆ గ్రాహకంలో రెండు చోట్ల అమైనో ఆమ్లాలు మారడమేనని తేలింది. ఒకే సీసా మూత తీసి ముగ్గురికి చూపిస్తే ముగ్గురూ మూడు రకాలుగా చెప్పవచ్చు. ముగ్గురూ నిజమే చెప్పి ఉండవచ్చు.

ప్రతి బిడ్డకూ ఈ జన్యువుల ప్రతులు రెండేసి ఉంటాయి. ఒకటి తల్లినుంచి, ఒకటి తండ్రినుంచి వస్తాయి. ఏ బిడ్డకు ఏ ప్రతి వస్తుందో ఎవరూ ఎంచుకోలేరు. అందువల్లనే ఒకే ఇంట్లో, ఒకే పంక్తిలో కూర్చున్న అన్నదమ్ములలో ఒకడు కొత్తిమీర కోసం చేయి చాపితే మరొకడు చేయి అడ్డం పెట్టవచ్చు. అమెరికాలో పాకశాస్త్ర గ్రంథాలు రాసి, టెలివిజన్‌లో వంటలు నేర్పి ఎంతో పేరు పొందిన జూలియా చైల్డ్‌కు కూడా కొత్తిమీర గిట్టేది కాదు. ఆ మాట 2002లో ఒక టెలివిజన్ ముఖాముఖిలో ఆమే నిస్సంకోచంగా చెప్పింది. వంట తెలియక కొత్తిమీరను కాదన్నదని ఆమెను ఎవరు అనగలరు?

అయితే అంతా జన్యువుల చేతిలోనే ఉందని అనుకోవడం కూడా పొరపాటే. కొత్తిమీర ఇష్టాయిష్టాలలో పుట్టుకతో వచ్చే తేడాల పాలు చాలా తక్కువని 2012 నాటి ఆ పరిశీలనే చెప్పింది. అదే సంవత్సరం కెనడాలోని టొరంటోలో సుమారు 1,600 మంది యువతీయువకులను అడిగి చూశారు. యూరప్ మూలాలవారిలో నూటికి 17 మంది, తూర్పు ఆసియా మూలాలవారిలో నూటికి 21 మంది కొత్తిమీర ఇష్టం లేదన్నారు. దక్షిణాసియా మూలాలవారిలో అలా అన్నవారు నూటికి 7 మందే. కొత్తిమీర రోజూ వాడే ఇళ్ళలో పెరిగినవారికి అలవాటే ఇష్టంగా మారుతుందని దీన్నిబట్టి ఊహించవచ్చు. అలవాటు తల్లి కడుపులోనే మొదలవుతుంది. గర్భిణులుగా ఉన్నప్పుడు క్యారట్ రసం తాగిన తల్లుల బిడ్డలు, తరువాత క్యారట్ కలిపిన ఆహారాన్ని మరింత ఇష్టంగా తిన్నారని 2001లో అమెరికాలోని మోనెల్ సంస్థ పరిశోధకులు వెల్లడించారు.

జన్యువు ఒక తలుపు తీస్తుంది, అలవాటు మరొక తలుపు తీస్తుంది. మూడో తలుపు మాట. మాటలకు కూడా వాసనలు మారడం ఒక వింత. 'కంపు' అనే మాట చెవిన పడగానే తెలుగువాడు ముక్కు మూసుకుంటాడు. పాత తెలుగు కావ్యాలలో ఆ మాటకు పరిమళం అనే అర్థం ఉంది. కన్నడంలో ఈనాటికీ కంపు అంటే సువాసనే. తమిళంలో 'నాట్రం' అన్న మాట ఒకప్పుడు పూల పరిమళానికి చెల్లింది, నేడు దుర్వాసనకే చెల్లుతోంది. బళ్ళారిలోనో కోలారులోనో ఒకే వీధిలో ఉండే ఇద్దరు పిల్లలు 'కంపు' అన్న ఒకే మాట పలికితే, ఒకరికి మల్లెతోట, మరొకరికి మురికికాలువ గుర్తుకు రావచ్చు. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు.

ఈ సంగతి బడిలో మధ్యాహ్నం పూట మరీ అవసరం. పిల్లలు క్యారియర్లు విప్పేసరికి నాలుగిళ్ళ వాసనలు ఒక్కచోట చేరుతాయి. ఒకరి గిన్నెలో గోంగూర పచ్చడి, ఒకరి గిన్నెలో ఎండుచేపల ఇగురు, ఒకరి గిన్నెలో మెంతికూర, మరొకరి గిన్నెలో వెల్లుల్లి కారం ఉంటాయి. "ఛీ, ఏమిటా కంపు!" అని ఒకరు అన్నారంటే, ఆ గిన్నె తెచ్చిన పిల్ల తల వంచుకుంటుంది. మరునాడు మూత సగమే తీసి తింటుంది. ఆ మరునాడు అమ్మను ఆ కూర చేయవద్దంటుంది. ఒక్క మాటతో ఒక ఇంటి వంట సిగ్గుపడవలసిన వస్తువు అవుతుంది. ఆ మాట అన్నవాడికి అంత నొప్పి కలిగించాలని ఉండకపోవచ్చు. తన ముక్కు చెప్పిందే లోకమంతటికీ నిజమని అనుకున్నాడు, అంతే.

"నాకు ఈ వాసన పడదు" అనడం వేరు, "ఇది కంపు" అనడం వేరు. మొదటిది తన ముక్కు గురించి చెప్పిన నిజం. రెండోది ఎదుటివారి అన్నం మీద వేసిన నింద. కొత్తిమీర ఏరేసే పిల్లవాడు "సబ్బు వాసన వస్తోంది" అన్నప్పుడు చెప్పింది మొదటి రకం మాటే. తల్లి దాన్ని నింద అనుకుని నొచ్చుకుంది. ఒక్క క్షణం ఆగి ఉంటే పరిష్కారం ఆమె చేతిలోనే ఉంది. తరిగిన ఆకును సాంబారులో చల్లకుండా చిన్న గిన్నెలో వేరుగా పెట్టవచ్చు. రోట్లో నూరి పచ్చడి చేసినా మేలే. ఆకు నలిగినప్పుడు అందులోని ఎంజైములు ఆ ఆల్డిహైడులను కొంతవరకు మార్చివేస్తాయి, ఘాటు తగ్గుతుంది. పిల్లవాడు కూడా ఆ పచ్చడిని ఒక్క ముద్దలో కలిపి చూడవచ్చు. నచ్చితే అలవాటు మొదలవుతుంది. నచ్చకపోతే పోయేదేమీ లేదు.

ఓఆర్6ఏ2 కథ ఇంకా ముగియలేదు. ఎలుకలోని దాని తోబుట్టువు ముక్కులోనే కాక, రక్తనాళాల గోడలలో చేరే రక్షక కణాలలో కూడా ఉందనీ, అక్కడ అది ఆక్టనాల్‌ను పసిగట్టి, నాళాలు పూడుకుపోయే వ్యాధిని పెంచుతోందనీ 2022లో అమెరికా శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. ఆ గ్రాహకం లేని ఎలుకలలో పూడిక తగ్గింది. కూరాకు వాసన చూడడానికే పుట్టిందనుకున్న మాంసకృత్తు గుండెజబ్బుల పరిశోధనలో కూడా చోటు సంపాదించింది.

"పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి" అని పెద్దలు ఏనాడో అన్నారు. జన్యువు అన్న మాట పుట్టకముందే, పంక్తిలో కూర్చున్నవారిని చూసి తెలుసుకున్న నిజం అది. రుచిలో చాలా భాగం వాసనే కనుక, ముక్కుకో వాసన అని దానికి మరొక ముక్క చేర్చుకోవచ్చు. విస్తళ్ళు వేసేవారు ఈ మాట గుర్తుంచుకుంటే, పంక్తిలో ఎవరూ తలవంచుకుని తినవలసిన అవసరం రాదు.